రాజీనామా కాని రాజీనామాలను లెక్కపెట్టండి

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,



మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఆఫీసుల్లో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ల కాగితాలు ఒకసారి తెప్పించుకుని చూడండి. 'తొలగించాం' అన్న మాట వాటిలో చాలా అరుదుగా కనబడుతుంది. 'వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను' అని ఉంటుంది. కింద ఉద్యోగి పేరు, తేదీ ఉంటాయి. ఆ రాజీనామా ఉద్యోగి ఇంట్లో ఆలోచించుకుని, భార్యతోనో భర్తతోనో మాట్లాడుకుని ఇచ్చింది కాదు. మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి, 'ఇప్పుడే పోర్టల్‌లో రిజైన్ కొట్టండి, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం. లేదంటే టర్మినేట్ చేస్తాం, ఆపైన మీ ఇష్టం' అని చెప్పి ఇప్పించింది. నేను ఇదే రంగంలో పనిచేస్తున్న మనిషిని. ఇలా వెళ్లిపోయిన తోటివాళ్లను చూసిన బాధతో మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇది ఎలా జరుగుతుందో మీ శాఖకు తెలియాలి కనుక కాస్త వివరంగా చెబుతాను. అమెరికాలో క్లయింటు బడ్జెట్ తగ్గించుకుంటాడు, ఇక్కడ ప్రాజెక్టు ఆగిపోతుంది, మనిషి బెంచ్ మీదికి వస్తాడు, అంటే చేతిలో ప్రాజెక్టు లేకుండా మిగులుతాడు. ఇంకో ప్రాజెక్టు వెతుక్కునే భారం అతని మీదే పడుతుంది. దేశంలోకెల్లా పెద్ద ఐటీ సంస్థ టీసీఎస్ 2025 జూన్‌లో పెట్టిన నియమం ప్రకారం ఏడాదిలో 225 రోజులు క్లయింటుకు బిల్లు పడే పనిలో ఉండాలి, బెంచ్ మీద 35 రోజులకు మించి ఉండకూడదు. అక్కడ కనీసం నియమం రాసి ఉంది. చాలాచోట్ల అదీ ఉండదు. నిన్నటిదాకా మంచి రేటింగు తెచ్చుకున్న మనిషిని ఉన్నట్టుండి 'పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్' అనే పిప్‌లో పెడతారు. పనితీరు మెరుగుపరుచుకోవడానికి ఇస్తున్న అవకాశం అంటారు గానీ, అందులోంచి బయటపడి మళ్లీ మామూలుగా పనిచేసుకుంటున్నవాళ్లు నాకు చాలా తక్కువమంది తెలుసు. కొన్నాళ్లకు హెచ్‌ఆర్ నుంచి మీటింగ్ ఇన్వైట్ వస్తుంది. దేని గురించో అందులో రాయరు. లోపలికి వెళ్లేముందు ఫోన్ బయట పెట్టమంటారు.

ఫోన్ బయట పెట్టమనడానికి ఒక కారణం ఉంది. 2017 జులైలో టెక్ మహీంద్రాలో హెచ్‌ఆర్ ఉద్యోగి ఒకరు ఒక ఇంజనీరుతో మాట్లాడిన ఫోన్ రికార్డింగు దేశమంతా విన్నది. మర్నాడు ఉదయం పది గంటల లోపు రాజీనామా ఇవ్వకపోతే తొలగిస్తామన్న మాట అందులో ఉంది. మహీంద్రా గ్రూపు అధినేత ఆనంద్ మహీంద్రా బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోని కాగ్నిజెంట్ ఉద్యోగులు కొందరు బలవంతపు రాజీనామాల మీద మన కార్మిక శాఖ గడప తొక్కారు. అంటే ఈ ఫిర్యాదు మీ శాఖకు కొత్తది కాదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా పద్ధతి మారలేదు, రుజువు దొరక్కుండా చూసుకోవడం మాత్రం పెరిగింది.

రాజీనామా అనగానే ఉద్యోగి చేతిలోంచి ఏమేం జారిపోతాయో చూడండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేయాలంటే నెల రోజుల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ప్రభుత్వానికి తెలియజేయాలి. కొత్తగా పెట్టిన రీస్కిల్లింగ్ నిధి నుంచి మరో 15 రోజుల వేతనం 45 రోజుల్లోగా అతని ఖాతాలో పడాలి. రాజీనామా చేసినవాడికి వీటిలో ఒక్కటీ రాదు. పదేళ్లు పనిచేసిన మనిషి విషయంలో పరిహారం ఒక్కటే ఐదు నెలల జీతం. కంపెనీకి ఆ ఐదు నెలల జీతం మిగులుతుంది, ప్రభుత్వానికి తెలియజేసే పనీ తప్పుతుంది. పోర్టల్‌లో ఒక్క బటన్ ఉద్యోగి చేతే నొక్కించడానికి అంత పట్టుదల ఎందుకో ఇందులోనే తెలుస్తుంది.

'ఐటీ వాళ్లు కార్మికులెలా అవుతారు, వాళ్లవి లక్షల జీతాలు కదా' అని సాధారణంగా అంటుంటారు. మీ అధికారులు కూడా అంటారేమో. సూపర్‌వైజర్ పనికి ఆ కోడ్‌లో నెలకు 18,000 రూపాయల పరిమితి ఉంది. మేనేజర్లను, పరిపాలనా బాధ్యతల్లో ఉన్నవాళ్లను అది మినహాయించింది. సాంకేతిక పని చేసేవాళ్లకు మాత్రం వేతన పరిమితి ఏదీ లేదు. కార్డు మీద 'లీడ్' అనో 'మేనేజర్' అనో రాసినంత మాత్రాన సరిపోదు, ఆ మనిషి రోజూ చేసే పని ఏమిటన్నదే కోర్టులు చూస్తాయి. పొద్దుటి నుంచి రాత్రి దాకా కోడ్ రాసేవాడు, టెస్టింగ్ చేసేవాడు, సర్వర్లు చూసుకునేవాడు సాంకేతిక పని చేస్తున్నట్టే.

ఇక ఇళ్లలో ఏం జరుగుతుందో చెబుతాను. ఉద్యోగం పోయినప్పుడు ముందుగా పోయేది జీతం అనుకుంటాం. ముందు పోయేది ఆరోగ్య బీమా. ఆఖరి పనిదినంతో చాలాచోట్ల గ్రూప్ ఇన్సూరెన్స్ ఆగిపోతుంది. అందులో ఉద్యోగి ఒక్కడే ఉండడు. ఊళ్లో డయాలసిస్ చేయించుకుంటున్న నాన్న, మోకాళ్ల ఆపరేషన్‌కు తేదీ తీసుకున్న అమ్మ ఉంటారు. కొత్తగా పాలసీ కొందామంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమంటారు. గ్రూపు పాలసీలోంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందని, గడువు దాటకముందే అడగాలని ఆ మీటింగ్ రూమ్‌లో ఎవరూ చెప్పరు. నిజాంపేటలోనో తెల్లాపూర్‌లోనో కొన్న ఫ్లాటుకు నెల మొదట్లో ఈఎంఐ కట్ అవుతుంది. జూన్ వస్తే స్కూలు ఫీజు. నలభై దాటినవాడు మళ్లీ అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కొత్త కోర్సు ఫీజెంతో కనుక్కుంటాడు. పక్కన నిలబడ్డవాళ్లంతా నిన్నగాక మొన్న బీటెక్ పాసైన పిల్లలు. అక్కడికి వెళ్లడంలో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఇంట్లో చెప్పకుండా వెళ్తున్నాడు, అదే నన్ను కలచివేసేది.

చాలామంది చెప్పరు. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరి, సాయంత్రం దాకా ఎక్కడో కూర్చుని వచ్చేవాళ్లున్నారు. ఊరికి ఫోన్ చేసినప్పుడు 'వర్క్ ఫ్రమ్ హోమ్ నాన్నా' అంటారు. మన దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒక్కడి సంగతి కాదు. చదివించడానికి పొలం అమ్మిన తండ్రి పరువు, కుదిరిన చెల్లెలి సంబంధం, తమ్ముడి కన్సల్టెన్సీ ఫీజు అన్నీ దానికి ముడిపడి ఉంటాయి. దాని మీద 'నువ్వే రాజీనామా చేశావు కదా' అన్న కాగితం ఒకటి. 'మంచి ఉద్యోగం నువ్వే ఎందుకు వదులుకున్నావురా' అని మామగారు అడిగితే ఏం చెప్పాలి? తీసేశారని చెబితే పనికిరానివాడనుకుంటారు, తానే మానేశానని చెబితే బాధ్యత లేనివాడనుకుంటారు. ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చి, ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోవాల్సి వచ్చిన ఆడవాళ్లకైతే ఇంట్లోంచి వచ్చే సలహా ఒకటే: 'ఎలాగూ పిల్ల చిన్నది, మానేయమ్మా.' అబద్ధపు రాజీనామా డబ్బు నష్టంతో ఆగడం లేదు. జరిగింది జరిగినట్టు ఇంట్లో చెప్పుకునే దారి కూడా లేకుండా చేస్తోంది.

మాంద్యం వచ్చినప్పుడు కంపెనీలు ఏం చేస్తాయి, వాటికీ తప్పదు కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే, కొన్నిసార్లు తప్పదు. కరోనా కాలంలో డిమాండు చూసి ఎగబడి మనుషుల్ని తీసుకున్నారు. 2022 మార్చి నుంచి అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగాయి, ఖర్చులు కోసుకున్నారు. ఇప్పుడు కృత్రిమ మేధ. ఉద్యోగాలు ఒక్కటీ పోకూడదని నేను అడగడం లేదు. ఎలా పోవాలన్నదానికి పద్ధతి ఉండాలంటున్నాను. అలాంటి పద్ధతి మన హైదరాబాద్‌లోనే ఒకసారి చూశాం.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ లేఖ రాశారు. దాదాపు 53 వేలమంది ఉద్యోగులు. బయట ప్రపంచమంతా మాంద్యం. అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలి నాలుగు నెలలు కూడా కాలేదు. కేంద్ర ప్రభుత్వం రోజుల వ్యవధిలో పాత బోర్డును తీసేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్‌లను కూర్చోబెట్టింది. కొత్త బోర్డు బ్యాంకుల నుంచి 600 కోట్ల రూపాయల రుణం తెచ్చి సంస్థను నడిపించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కుంది. అప్పుడు కూడా పనిలేని మనుషులు వేలల్లో ఉన్నారు. వాళ్లను 'వర్చువల్ పూల్' అని పెట్టి, ఆఫీసుకు రానక్కర్లేదంటూ కొన్ని నెలలు మూల వేతనం, ప్రావిడెంట్ ఫండ్, వైద్య బీమా కొనసాగించారు. అది గొప్ప న్యాయమని అనను. చాలామంది చివరికి బయటికే వెళ్లాల్సి వచ్చింది. కానీ వాళ్లకు కొంత సమయం దొరికింది, ఇంట్లో బీమా కార్డు పనిచేసింది, తమ పరిస్థితి ఏమిటో చెప్పుకోవడానికి ఒక పేరు దొరికింది. మోసంతో కుప్పకూలిన సంస్థే అంతమాత్రం చేయగలిగినప్పుడు, లాభాల్లో నడుస్తున్న సంస్థలు చేయలేవా? అదే 2009లో జర్మనీలో పని గంటలు తగ్గించి, తగ్గిన జీతంలో కొంత ప్రభుత్వమే భరించే పద్ధతి మీద సుమారు 14 లక్షల మంది ఉద్యోగాల్లో నిలిచారు. మనకు అంత డబ్బు లేకపోవచ్చు. అందుకే డబ్బు ఖర్చు లేని విషయాలు ముందు అడుగుతున్నాను.

మొదటిది లెక్క. మన ఐటీ శాఖ 2022-23 నివేదికలో రాష్ట్రంలో 9,05,715 మంది ఐటీ ఉద్యోగులున్నారని, ఆ ఏడాది 1,27,594 ఉద్యోగాలు పెరిగాయని రాసింది. ఆఖరి అంకె దాకా చెప్పింది, సంతోషం. అది ఒక ఏడాది సంఖ్యలోంచి అంతకుముందు ఏడాది సంఖ్య తీసివేస్తే వచ్చింది. ఆ మధ్యలో ఎంతమందిని బయటికి పంపారో అందులో కనబడదు. 2025 జులైలో టీసీఎస్ రెండు శాతం మందిని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించింది. సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల్లో ఆ సంస్థ సిబ్బంది 19,755 మంది తగ్గారు. వాళ్లలో హైదరాబాద్‌వాళ్లు ఎందరు, తమంతట తాము వెళ్లినవాళ్లు ఎందరు అని ఒక మామూలు మనిషి చూసుకోగల చోటు మన రాష్ట్రంలో ఏదీ లేదు.

అమెరికాలో అలాంటి చోటు ఉంది. అక్కడ వంద మంది గానీ అంతకుమించి గానీ ఉద్యోగులున్న సంస్థ పెద్ద ఎత్తున తొలగింపులు చేయాలంటే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1988 నాటి వార్న్ చట్టం చెబుతుంది. ఆ నోటీసులను రాష్ట్రాల కార్మిక శాఖలు అందరికీ కనబడేలా పెడతాయి. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలకు కష్టాలు లేవని కాదు. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి దొరికేది 60 రోజులే, ఆ తర్వాత సామాను సర్దుకోవాలి. కానీ ఏ కంపెనీ, ఏ ఊళ్లో, ఎందరిని తీసేస్తోందో అతను చూసుకోగలడు. అదే కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో పనిచేసే అతని తమ్ముడు చూసుకోలేడు.

రెండోది చట్టం. మనకూ 1988 నాటి చట్టమే ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన దుకాణాలు, సంస్థల చట్టం, ఇప్పుడు తెలంగాణ పేరుతో అమల్లో ఉంది. దాని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు వరసగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసు లేదా జీతం ఇవ్వకుండా తీసేయకూడదు. ఏడాది నిండితే ఏడాదికి 15 రోజుల సగటు వేతనం సర్వీసు పరిహారంగా ఇవ్వాలి. తొలగింపు అన్యాయమనుకుంటే ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. ఐటీ సంస్థలకు ఈ చట్టంలో పనివేళల వంటి కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇచ్చారు. నిబంధనలు గట్టిగా అమలు చేస్తే కంపెనీలు బెంగళూరుకో విశాఖకో పోతాయని మీకు చెప్పేవాళ్లుంటారు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. ఈ సెక్షన్ అప్పటికే ఉంది. ఇది ఉండగానే ఇక్కడికి వచ్చారు.

మీ శాఖ కమిషనర్ కార్యాలయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. అంజయ్య గారు ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలై, కార్మిక నాయకుడై, కార్మిక మంత్రి అయి, ముఖ్యమంత్రి అయినవారు. ఆల్విన్‌లోనో ఐడీపీఎల్‌లోనో పని పోయినప్పుడు కార్మికులంతా కలిసి గేటు ముందు కూర్చునేవారు, యూనియన్ ఆఫీసు ఉండేది, ఎవరికి ఎంత రావాలో పక్కవాడికి తెలిసేది. ఇవాళ్టి ఉద్యోగిని ఒంటరిగా పిలుస్తారు, ఒంటరిగా పంపిస్తారు. ల్యాప్‌టాప్ లాగిన్ ఆ సాయంత్రానికే పోతుంది, పక్క సీటువాడికి చెప్పుకునే వీలు కూడా ఉండదు. కర్ణాటకలో 2017లోనే ఐటీ ఉద్యోగుల యూనియన్ రిజిస్టరయింది. ఇక్కడ చాలామందికి అంజయ్య భవన్ తమకు కూడా సంబంధించిన చోటని తెలియదు.

అందుకే నన్ను అడిగినవాళ్లకు నేనే చెబుతున్నాను. మీటింగ్‌లో ఆ పూటే రాజీనామా ఇవ్వకండి, ఆలోచించుకోవడానికి సమయం కావాలని చెప్పండి. బయటికి వచ్చిన వెంటనే, ఫలానా తేదీన ఫలానా వాళ్లు నన్ను రాజీనామా చేయమన్నారని హెచ్‌ఆర్‌కే ఈమెయిల్ రాయండి. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, రేటింగు లెటర్లు మీ దగ్గర పెట్టుకోండి, కంపెనీ కోడ్, క్లయింటు ఫైళ్లు మాత్రం తాకకండి. కొత్త వేతన కోడ్ ప్రకారం, తీసేసినా మీరే మానేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌కు నెలన్నర ఆగమంటే ఊరుకోకండి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు. పీఎఫ్ మొత్తం ఒకేసారి ఊడ్చుకోకండి, పదేళ్ల సర్వీసు లేకపోతే పింఛను రాదు. ఈఎంఐ తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి. అన్నిటికన్నా ముందు ఇంట్లో చెప్పండి. ఇప్పటికే ఒత్తిడికి లొంగి రాజీనామా ఇచ్చేసినవాళ్లకు కూడా దారి మూసుకుపోలేదు. ఒత్తిడి చేసి తీసుకున్న అంగీకారాన్ని రద్దు చేయించుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. ఈ మాటలన్నీ మీ శాఖ తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో ఒక పేజీ మీద అచ్చువేసి చెప్పాల్సినవి మంత్రి గారూ. నాలాంటివాళ్లు వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ చెబితే ఎందరికి చేరుతుంది?

ఇక లెక్క తీయడానికి దారి మీ దగ్గరే ఉంది. నెలకు 20,000 దాటిన ప్రతి జీతం నుంచీ రాష్ట్రం 200 రూపాయల వృత్తి పన్ను తీసుకుంటోంది. ఎందరి నుంచి తీసుకున్నారో కంపెనీలు నెలనెలా లెక్క దాఖలు చేస్తాయి. కాబట్టి ఏ ఆఫీసులో మనుషులు ఒక్కసారిగా తగ్గారో ప్రభుత్వ రికార్డుల్లోనే కనబడుతుంది, కొత్త సర్వే ఏదీ అక్కర్లేదు. డిసెంబరు జీతంలోంచి కార్మిక సంక్షేమ నిధికి ఉద్యోగి 2 రూపాయలు, యజమాని 5 రూపాయలు కడుతున్నారు. ఏడాదికి ఒక్కసారి. దాన్ని నెలకు చెరో 20 రూపాయలు చేసినా ఐటీ ఉద్యోగులెవరూ గొణగరని నా నమ్మకం. ఆ డబ్బుతో ఉద్యోగం పోయిన కుటుంబానికి ఆరు నెలల ఆరోగ్య బీమా కొనసాగించవచ్చు. ఇప్పుడున్న నిరుద్యోగ భృతి, అంటే ఈఎస్ఐ వాళ్ల అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, 21,000 లోపు జీతగాళ్లకే. వాళ్లకు 90 రోజులు సగం వేతనం ఇస్తుంది. ఐటీ ఆఫీసుల్లో సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు దానికి అర్హులే, వాళ్లకూ ఎవరూ చెప్పడం లేదు.

నేను అడుగుతున్నది ఇది. దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ఐటీ, ఐటీ అనుబంధ సంస్థలన్నిటికీ వర్తించాలని, ఒకే ఆఫీసు నుంచి మూడు నెలల్లో యాభై మందికి మించి వెళ్లిపోతే, రాజీనామాలతో సహా, కారణాలతో కార్మిక శాఖకు తెలియజేయాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఆ జాబితాను మూడు నెలలకోసారి అందరికీ కనబడేలా పెట్టండి. అప్పీలు వినే అధికారి ఒకరిని వారానికి రెండు రోజులు గచ్చిబౌలిలో కూర్చోబెట్టండి. ఫిర్యాదు చేసిన మనిషి పేరు బయటికి పొక్కితే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అతని మీద మచ్చ వేస్తే శిక్ష ఉంటుందని అందులోనే రాయండి. ఆ భయం పోనిదే ఒక్క ఫిర్యాదు కూడా మీ దాకా రాదు.

చాలా కంపెనీల్లో రేటింగులు మార్చి, ఏప్రిల్ నెలల్లో బయటికొస్తాయి. మీటింగ్ రూముల్లోకి పిలుపులు ఆ తర్వాతే ఎక్కువవుతాయి. ఈసారి ఆ పిలుపులు మొదలు కాకముందే సర్క్యులర్ విడుదల చేయండి.

ఇట్లు,
కూకట్‌పల్లి నుంచి ఒక ఐటీ ఉద్యోగి